ఆలస్యంగా వచ్చే గొంతు

గొంతు మళ్ళీ ఆలస్యంగానే వచ్చింది. గిటారు తన మానాన తాను లెక్క తప్పకుండా నడిచిపోతోంది. పాడే మనిషి మాత్రం తాళం దెబ్బ మీద పడాల్సిన మాటను పట్టుకుని అరక్షణం ఆగి, ఆ తర్వాత తాపీగా దిగాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటున్న మనిషి గుండె గుభేలుమంది. ఈ పెట్టెలోంచి తీసిన రికార్డుల్లో ఇది పంతొమ్మిదోది. పంతొమ్మిదింటిలోనూ ఇదే వరస.

ఆ గ్రంథాలయంలో పుస్తకాలు చూసుకునేవాళ్ళు నలభై మంది ఉంటే, పాటలు వినేవాడు ఈయనొక్కడే. పాత రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించాక, ఎక్కింది ఎక్కినట్టుందా లేదా అని చివరిదాకా విని, రిజిస్టర్లో సంతకం చేయడం ఆయన పని. పక్క గదిలో పెన్సిలు కింద పడితే అది చెక్కిన పెన్సిలో కాదో చెప్పేస్తాడని ఒకప్పుడు వేళాకోళంగా అనేవాళ్ళు. అలా పాముచెవి అని పేరు పడింది. ఎదురుగా మాస్టారూ అంటూనే వెనకాల అందరూ పాముచెవి అనేవాళ్ళు. అది ఆయనకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవాడు కూడా. ఇప్పుడా పేరే మెడకు చుట్టుకుంది.

ఎందుకంటే ఏడాదిన్నరగా ఆయన ఎడమ చెవి సరిగ్గా పనిచేయడం లేదు. ఈ సంగతి భూమ్మీద ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఏటా జరిగే చెవుల పరీక్షలో పోయినసారి ఎలాగో గట్టెక్కాడు. శబ్దం వినిపించగానే చెయ్యెత్తాలి. అద్దం అవతల బొత్తాం నొక్కే మనిషి భుజం కదిలినప్పుడల్లా ఈయన చెయ్యెత్తాడు. ఈసారి ఆ అద్దానికి తెర కట్టారని విన్నాడు. ఇవాళ శనివారం, పరీక్ష వచ్చే శుక్రవారమే. తనతో పాటు పాటలు వినే ఇంకొకాయన రెండేళ్ళ కింద అక్కడే దొరికిపోయి, కింది అంతస్తులో బైండింగు గదికి వెళ్ళాడు. ఇప్పుడు పొద్దస్తమానం పుస్తకాల వీపులకు జిగురు పూస్తూ ఉంటాడు. మెట్ల దగ్గర ఎదురైతే తల దించుకుని పోతాడు. ఆయన్ని చూసినప్పుడల్లా పాముచెవి కూడా చూపు తిప్పుకుంటాడు.

ఆ పాట ఆపి, తిరిగే పళ్ళెం వైపు చూశాడు. తప్పు దానిది కాదు. గొంతూ గిటారూ ఉండేది ఒకే గాడిలో, వాటిని చదివే సూది ఒక్కటే. పళ్ళెం వేగం తప్పితే రెండూ కలిసి తప్పాలి గాని ఒకటి మాత్రమే వెనకబడదు. అయినా ఊరుకోలేక పోయిన వారం రబ్బరు పట్టీ మార్చాడు, వేగం చూసే దీపం కింద గీతల చక్రం పెట్టి చూశాడు. గీతలు కదలకుండా నిలబడ్డాయి. వేగం నూటికి నూరుపాళ్ళు సరిగ్గా ఉంది.

ఇక మిగిలినవి రెండే. ఒకటి, కలపడంలో తేడా. శబ్దాన్ని కంప్యూటర్లోకి పంపే డబ్బాకు ఎడమకొకటి, కుడికొకటి రెండు దారులుంటాయి. నెల కిందట ఒక దారి చచ్చిపోయింది. కొత్త డబ్బా కోసం కాగితాలు బల్లలు మారుతున్నాయి. ఈలోపు పని ఆగకుండా ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. ఒకే రికార్డును రెండుసార్లు వేయాలి, మొదట ఎడమ సగం, తర్వాత కుడి సగం ఎక్కించాలి, రికార్డు మీద గీత పడ్డ చోట వచ్చే టక్కుమనే చప్పుడును ఆనవాలుగా పెట్టుకుని రెండు సగాలనూ కలపాలి. ఆ పని చేసేది కాంట్రాక్టు మీద వచ్చిన కంప్యూటరమ్మాయి. ఒంటి మీద ఈగ వాలినా పని మీంచి చూపు తిప్పని పిల్ల. కలపడంలో తేడా ఉంటే ఆమే చెప్పేది. ఆమె ఏమీ అనలేదు.

కాబట్టి రెండోదే. పాడేవాడి గొంతు వచ్చేది ఎడమ వైపు. గిటారు కుడి వైపు. పాడైన చెవి శబ్దాన్ని తగ్గించి ఇస్తుందని తెలుసు, ఆలస్యంగా కూడా ఇస్తుందేమో ఎవరు చూడొచ్చారు? హెడ్‌ఫోన్ అటుదిటు తిప్పి పెట్టుకుంటే నిమిషంలో తేలిపోతుంది. ఏ తీగ పాడైందో తెలియాలంటే తీగలు మార్చి చూడాలన్నది ఆ అమ్మాయికి ఆయన నేర్పిన మొదటి పాఠం. తన తల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి లేవలేదు. తేలిపోతుందనే భయం.

"ఎలా ఉంది మాస్టారూ?" అంది కంప్యూటరమ్మాయి, తన బల్ల దగ్గర్నుంచి కుర్చీ తిప్పి.

"బాగానే ఉంది."

"బ్రెజిల్ వాళ్ళ సంగీతమంట. బోసా నోవా అని ప్రతి అట్ట మీదా రాసుంది. ఈ పెట్టె మనకిచ్చినాయన ఓడల్లో పనిచేసేవాడంట, రేవు రేవుకీ దిగి కొనుక్కొచ్చాడంట." ఆమె నవ్వింది. "పక్క గదిలో పసిపిల్ల నిద్రపోతోందని గొంతు తగ్గించి పాడుతున్నట్టుంది కదండీ?"

"ఊఁ" అని రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. రిమార్కుల గడిలో 'సరిగ్గా ఉంది' అని రాసి, పంతొమ్మిదోసారి సంతకం చేశాడు.

మంగళవారం పదకొండు గంటలకు ఆఫీసరు ఇద్దర్నీ పిలిపించాడు. ఆయన ఈ విభాగానికి వచ్చి ఏడాది అయింది. కాలేజీ రోజుల్లో ఏదో బృందంలో డ్రమ్ములు వాయించేవాడట, ఇప్పటికీ మాట్లాడుతూ మాట్లాడుతూ బల్ల మీద వేళ్ళతో దరువు వేస్తుంటాడు. ఇవాళ ఆ వేళ్ళు కదలడం లేదు.

"ఇదేంటమ్మా?" అని కంప్యూటరులో పాట పెట్టాడు. గిటారు నడిచింది. గొంతు ఆలస్యంగా దిగింది. "వినపడుతోందా? పాడేవాడు ఒక దారి, వాయించేవాడు ఒక దారి. పంతొమ్మిదీ ఇంతే. రెండు ముక్కలుగా ఎక్కించి అతికిస్తున్నారటగా, అతకడం చేతకాకపోతే చెప్పాలి. నాకు దరువు గురించి ఒకరు నేర్పక్కర్లేదు."

"గుర్తు చూసే కలిపానండీ" అంది ఆ అమ్మాయి.

"మరి ఇదేంటి?"

ఆఫీసరు పాముచెవి వైపు తిరిగాడు. "మీరు విన్నారుగా. సంతకాలున్నాయి."

పాముచెవి రెండు జవాబులూ తూచుకున్నాడు. విన్నానంటే, మరి రిమార్కు ఎందుకు రాయలేదంటాడు. వినలేదంటే, చెవి పోయిందా అంటాడు. ఎటు కదిలినా గొయ్యే. కానీ ఆ భయంలోనే, లోపలెక్కడో, ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆఫీసరుకూ అది ఆలస్యంగానే వినిపించింది! అంటే తప్పు చెవిది కాదు. కలపడంలోనే ఉంది. తప్పు ఆ పిల్లదే. ఇలా అనుకున్నాక గాని, తాను అనుకున్నదేమిటో ఆయనకు తెలిసిరాలేదు.

"ఆ రోజుల్లో... కాస్త జలుబుగా ఉండిందండీ" అన్నాడు.

పక్కన నిలబడ్డ అమ్మాయి తల తిప్పి ఆయన్ని చూసింది. ఆయన బల్ల మీదున్న పేపరువెయిటును చూశాడు.

"గురువారం సాయంత్రానికల్లా అన్నీ సరిచేయాలి" అన్నాడు ఆఫీసరు ఆమెతో. "గొంతును ముందుకు జరిపి దరువులో పెట్టు. పైకి నేను రాసేశాను, లోపం దొరికిందని. ఈ నెలాఖరుతో నీ ఏడాది అయిపోతుంది కదా. ఇది సరికాకపోతే మళ్ళీ కొనసాగించమని నేను రాయలేను. సరిచేసినవి అందగానే ఆ రికార్డులు తీసేయొచ్చు, బీరువాల్లో చోటు లేదు."

వరండాలోకి వచ్చాక ఆమె ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని ఆయన బిక్కచచ్చి నడిచాడు. ఆమె ఏడవలేదు. మెట్ల దగ్గర ఆగింది.

"మీకు జలుబు ఎప్పుడు చేసింది మాస్టారూ?"

ఆయన చొక్కా గుండీ సవరించుకున్నాడు.

"నాకు మొదటి రోజే అనిపించింది, గొంతు వెనకబడుతోందని. మీరు సరిగ్గా ఉందని సంతకం పెట్టేశారు. మీకన్నా నాకు ఎక్కువ తెలుసా అని ఊరుకున్నా." ఆమె గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. ఆయనకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంటే, భార్య తడి కాళ్ళతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, కుళాయి కట్టేయమని మూడుసార్లు అరిచాను. బక్కెట నిండి వంటిల్లంతా నీళ్ళు. చేతిలో పిండి పెట్టుకుని నేను రాలేక..."

"పేపరు చదువుతున్నా" అన్నాడు.

ఆమె ఆయన ఒళ్ళోకి చూసింది. నేల మీదకు చూసింది. "ఏ పేపరు?"

పేపరు లేదు. పొద్దున ఎవరో అడిగితే ఇచ్చేశాడు. ఆమె ఇంకో మాట అనకుండా గుడ్డ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అది చూశాక ఆయనకు చెమటలు పట్టాయి. అరిచినా బాగుండేది. ఆమె ఊరుకుందంటే లెక్కలు వేసుకుంటోందన్నమాట. లేచి వెళ్ళి తానూ ఒక గుడ్డ పట్టుకుని వంటింటి నేల తుడిచాడు. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని, ఎదురెదురుగా, చాలాసేపు నీళ్ళు పిండారు.

బుధవారం పొద్దున్నే కంప్యూటరమ్మాయి సరిచేసే పని మొదలుపెట్టింది. తెర మీద రెండు గీతలు, పైది గొంతు, కిందది గిటారు. మాట మొదలయ్యే చోటును పట్టుకుని వెంట్రుకవాసి ఎడమకు జరిపి, పాట పెట్టింది. మొదటి మాట దెబ్బ మీద చక్కగా కూర్చుంది. ఆ వెంటనే రెండో మాట గిటారు కంటే ముందే దూకేసింది. మూడో చరణం దగ్గర రెండూ ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి.

ఆమె ఇంకోచోట సర్దింది. అది ఇంకోచోట చెడింది. పదింటి నుంచి పన్నెండింటిదాకా ఇదే తంతు. పాముచెవి తన బల్ల దగ్గర చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. సాయం చేస్తానని అనడానికి నోరు రాలేదు.

"ఒకచోట కుట్టేస్తే ఇంకోచోట చిరుగుతోంది" అంది ఆమె, కళ్ళు నులుముకుంటూ. "నేను అతకడం తప్పితే మొదటి నుంచి చివరిదాకా ఒకే తేడా ఉండాలి కదండీ. ఇక్కడ ఇంత, అక్కడ అంత, కొన్నిచోట్ల అసలు తేడానే లేదు. పట్టుమని రెండు మాటలు ఒకేలా లేవు. పోనీ, మాటకు మాట విడగొట్టి, ప్రతిదాన్నీ దెబ్బ మీద పెట్టేశా. ఇది వినండి."

విన్నాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ప్రతి మాటా ఎక్కడ పడాలో అక్కడే పడింది. పాట మాత్రం చచ్చిపోయింది. బడిలో పిల్లలతో ఎక్కాలు అప్పచెప్పిస్తున్నట్టుంది. పాముచెవి ముఖం చిట్లించాడు. ఇన్నాళ్ళూ తనను హడలగొట్టిన ఆ అరక్షణం లేకపోయేసరికి, చేతికర్ర లాగేసినట్టు ఎక్కడో తూలినట్టనిపించింది. అప్పుడు భయం వేరే దారిలో వచ్చింది. రికార్డునే నేరుగా వేసి వింటే? నెల రోజులుగా తాను విన్నవన్నీ కలిపిన పాటలే. పెట్టెలోని రికార్డు నేరుగా పళ్ళెం మీద ఒక్కసారీ వినలేదు. విన్నాక గొంతు ఆలస్యంగా లేదా, తప్పు ఈ పిల్లదే, దానికి ఉపాయం చెప్పింది తాను. ఆలస్యంగానే ఉందా, ఈ పిల్ల తప్పేమీ లేదు, ఆ సంగతి ఆఫీసరుకు చెప్పాల్సింది తాను. ఏది తేలినా ఆఫీసరు గది తలుపు తనే తట్టాలి.

"మాస్టారూ?" అంది ఆమె.

లేచాడు. పంతొమ్మిదో రికార్డును అట్టలోంచి అంచులు పట్టుకుని తీశాడు. మెత్తని కుంచెతో గాడి వెంబడి దుమ్ము తుడిచాడు, అవసరం కంటే రెండుసార్లు ఎక్కువ తుడిచాడు. పళ్ళెం మీద పెట్టి, దాని తీగకే హెడ్‌ఫోన్ తగిలించి, సూది దించాడు. అంతసేపు తుడవడం ఆ అమ్మాయి చూసింది, చూడనట్టు కంప్యూటరు వైపు తిరిగింది.

గిటారు మొదలైంది. బొటనవేలితో మోగించే బరువైన దెబ్బ, గోడ గడియారంలా నడుస్తోంది. దాని మీద మిగతా వేళ్ళు మరో లెక్కలో తేలిగ్గా మీటుతున్నాయి. గొంతు వచ్చింది. ఆలస్యంగా.

ఊపిరి వదిలాడు. వదిలి, కళ్ళు మూసుకుని, ఏ ఆలోచనా లేకుండా ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ హెడ్‌ఫోన్ అటుదిటు తిప్పి పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక గాని చేసిందేమిటో తెలియలేదు. గొంతు ఇప్పుడు కుడి చెవిలోకి, మంచి చెవిలోకి వచ్చింది. ఇప్పుడూ ఆలస్యంగానే వచ్చింది. చెవి కాదు, యంత్రం కాదు, పిల్ల కాదు. ఆ మనిషి అలా పాడాడు, అంతే.

కానీ గిటారు ఏది? ఎడమ చెవిలో బొటనవేలి దెబ్బ ఎక్కడో గోడ అవతల నుంచి వచ్చినట్టు లీలగా తెలుస్తోంది. వేళ్ళ మీటు అసలే లేదు. ఇంతకాలం అంతో ఇంతో వినపడుతోందనే అనుకున్నాడు. ఇంత పోయిందని తెలియదు. ఒకే పాట రెండు సంగతులూ చెప్పేసింది, ఒకటి తీపి, ఒకటి చేదు, నమలడానికి కూడా వ్యవధి ఇవ్వకుండా.

తీసేద్దామనుకున్నాడు. తీయలేకపోయాడు. ఎందుకంటే మొదటిసారి ఆ గొంతు మంచి చెవిలో వినపడుతోంది. ఆ మనిషి గట్టిగా పాడడు. ఎవర్నీ పిలవడు, ఎవర్నీ మెప్పించాలని చూడడు. ఊపిరి పీల్చుకోవడం వినిపిస్తుంది, పెదవులు కలవడం వినిపిస్తుంది. గిటారు పిలిచిన చోటికి వెంటనే రాడు. వస్తాడో రాడో అని గుండె పట్టుకుని చూస్తే, వచ్చేస్తాడు, పైగా ఎక్కడికీ ఆలస్యం కానట్టే వస్తాడు. ఇంకోచోట ముందే వచ్చి, గిటారు కోసం తానే నిలబడతాడు. ఇద్దరూ ఒకర్నొకరు తరుముకోరు. భాష ఒక్క ముక్క తెలియదు, అయినా పాముచెవి ఒక్క మాటా వదలకుండా విన్నాడు. ఇంతకాలం తప్పుల కోసమే విన్నాడు. గరగరలు, టక్కులు, వంకరలు. పాటను పాటగా విని ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టబోయి మానుకున్నాడు. పాట అయిపోయింది. సూది ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టాడు.

భోజనాల వేళంతా ఇద్దరూ తిండి మానేసి ఒక్కో రికార్డూ వేసుకుని విన్నారు. వేరే గాయకులు, వేరే ఏళ్ళు, ఒకామె కూడా ఉంది. అందరూ ఆ అరక్షణంతో అలాగే ఆడుకున్నారు.

"ఇది తప్పు కాదు మాస్టారూ" అంది ఆ అమ్మాయి చివరికి. ముఖం వెలిగిపోతోంది. "వీళ్ళ సంగీతమే ఇది! నేను పొద్దున్నించీ పాపం దాని కాళ్ళు విరగ్గొడుతున్నా. ఆఫీసరుగారికి చెబుదాం పదండి."

"చెప్తా."

"ఇప్పుడే."

"రేపు" అన్నాడు. ఆ ముఖంలో వెలుగు కాస్త తగ్గింది. రేపు గురువారమని ఆమె గుర్తుచేయలేదు.

గురువారం పొద్దున నుంచి మూడుసార్లు ఆఫీసరు గదిదాకా వెళ్ళి వచ్చాడు. ఒకసారి లోపల ఎవరో ఉన్నారు. రెండోసారి ఎవరూ లేరు, అయినా వచ్చేశాడు. మూడోసారి తలుపు మీద చెయ్యి పెట్టి, రేపటి పరీక్ష, ఆ అద్దానికి కట్టిన తెర గుర్తొచ్చి, మంచినీళ్ళు తాగే నెపంతో వరండా చివరికి నడిచాడు. నాలుగు దాటాక కంప్యూటరమ్మాయి తన సొరుగులోని వస్తువులు ఒక్కొక్కటే సంచీలో పెట్టుకోవడం కనిపించింది. దువ్వెన, చిన్న టార్చి, రెండు పెన్నులు. ఎవరి మీదా విసురు లేకుండా నెమ్మదిగా సర్దుకుంటోంది.

ఆయన రికార్డు చంకన పెట్టుకుని, పాత చిన్న ప్లేయరు ఒక చేత్తో, హెడ్‌ఫోన్ ఒక చేత్తో పట్టుకుని బయల్దేరాడు. ఆమె లేచి వెంట రాబోతే, "నువ్విక్కడే ఉండు" అన్నాడు.

ఆఫీసరు మొదట వినడానికి ఒప్పుకోలేదు. తర్వాత విన్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఆయన ముఖంలోకి చూస్తూ, పాముచెవి నిలబడే చెప్పాడు. ఇది నేరుగా రికార్డు మీదిదేనని, కలిపింది కాదని, పంతొమ్మిదింటిలో పాడినవాళ్ళు ఎనిమిది మందని, ఎనిమిది మందీ ఇలాగే పాడారని, అది వాళ్ళ పద్ధతని.

ఆఫీసరు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదంతా తెలిసినవారు పంతొమ్మిదిసార్లు సంతకం పెట్టేటప్పుడు ఒక్క ముక్క రాయలేదేం? గొంతు వెనక వస్తోంది, పరిశీలించాలి అని రాస్తే ఈ గొడవే ఉండేది కాదు. పైవాళ్ళు నన్నడుగుతారు. జలుబని చెప్పమంటారా?"

అదే ప్రశ్న. మూడు రోజులుగా ఆయన కాళ్ళకు అడ్డం పడ్డ ప్రశ్న. మర్చిపోయానని చెప్పొచ్చు. ఆ అమ్మాయి చెప్తుందనుకున్నానని చెప్పొచ్చు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"జలుబు కాదండీ" అన్నాడు. "వినపడింది. నా చెవే ఆలస్యంగా వింటోందనుకున్నాను. ఎడమ చెవి. ఏడాదిన్నరగా సరిగ్గా లేదు. బయటపడుతుందని భయపడి సంతకాలు పెట్టేశాను."

అన్నాక గది కూలిపోలేదు. పంకా తిరుగుతూనే ఉంది. ఆఫీసరు లేచి వెళ్ళి తలుపు మూశాడు. వచ్చి కుర్చీలో కూర్చోకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"నాకు కుడిది" అన్నాడు.

పాముచెవికి అర్థం కాలేదు. సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాడు.

"కుడి చెవి. డ్రమ్ముల పుణ్యం. డాక్టరు ఎప్పుడో చెప్పాడు. దరువు వినడం నాకు పుట్టుకతో వచ్చిందని అందరికీ చెప్పుకుంటాను కదా... ఆదివారం ఇంట్లో ఈ పాటలు పెట్టుకున్నాను. దరువు దొరకలేదు. ఇంక అయిపోయింది నా పని అనుకున్నాను. మళ్ళీ మళ్ళీ విన్నాను. అప్పుడు రెండు సగాలుగా అతికిస్తున్నారన్న మాట గుర్తొచ్చింది. దేవుడి దయ, ఆ అమ్మాయి తప్పన్నమాట అనుకున్నాను. అంత సంతోషం నాకు ఈమధ్య ఎప్పుడూ కలగలేదు."

పాముచెవి ఆ సంతోషాన్ని ఎరుగును. మంగళవారం ఇదే గదిలో తానూ దాన్ని రుచి చూశాడు. భయపడింది చెవులు చెడిన ఇద్దరు పెద్దమనుషులు. సంచీ సర్దుకుంటున్నది మాత్రం ఒక్క చెవికీ వంక లేని ఆ పిల్ల. ఆయనకు సిగ్గుతో ఒళ్ళు వేడెక్కింది.

ఆఫీసరు గొంతు తగ్గించి, దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "మనం మాట్లాడుకున్నది ఈ గది దాటక్కర్లేదు. అతకడంలో చిన్న పొరపాటు, సరిచేశామని పైకి రాసేస్తాను. ఆ అమ్మాయి ఉద్యోగానికేం ఢోకా లేదు, నేను చూసుకుంటాను. కాగితం మీద ఒక చిన్న మచ్చ ఉంటుంది, అంతే. రేపటి పరీక్ష కూడా... ఆ పరీక్ష చేసే మనిషి నాకు తెలుసు. రిటైరవడానికి మీకు మూడేళ్ళుంది. నాకు పదకొండేళ్ళుంది. ఏమంటారు?"

అనడానికేముంది. సరే అంటే చాలు. శుక్రవారం గడిచిపోతుంది, పాముచెవి పాముచెవిగానే మిగులుతాడు. ఇన్నాళ్ళ భయం సరే అనమనే చెబుతోంది.

"సరిచేశామని రాస్తే, సరిచేసినవే మిగుల్తాయండీ" అన్నాడు చివరికి. "రికార్డులు తీసేస్తారు. ఆ సరిచేసింది నేను విన్నాను. దాన్ని పాటంటే ఆ పాడినవాళ్ళకు అన్యాయం. ఆ అమ్మాయి మీద మచ్చ అంతకంటే అన్యాయం. తను తప్పు చేయలేదు, తప్పు జరగనేలేదు."

"అయితే ఎవరి పేరు రాయమంటారు?"

"ఒక కాగితం ఇవ్వండి."

కూర్చుని రాశాడు. అక్షరాలు ఎగుడుదిగుడుగా వచ్చాయి. ఎడమ చెవి సరిగ్గా వినపడని కారణంగా, ఆ భయంతో, పంతొమ్మిది రికార్డులకు రాయాల్సిన రిమార్కు తాను రాయలేదని, రెండు సగాలు కలపడంలో ఏ లోపమూ లేదని, గొంతు ఆలస్యంగా రావడం ఆ సంగీతపు పద్ధతని, రికార్డులను భద్రపరచాలని రాశాడు. ఆఫీసరు కుడి చెవి గురించి ఏమీ రాయలేదు. అది ఆయన రాసుకోవాల్సిన కాగితం.

ఆఫీసరు రెండుసార్లు చదివాడు. "సోమవారం నుంచి కిందికి వెళ్ళాల్సి ఉంటుంది మీరు" అన్నాడు, ఎక్కడో చూస్తూ.

"తెలుసండీ."

"మీ బల్ల దగ్గర ఆ అమ్మాయిని కూర్చోబెడతాను. ఆ సంగతి కూడా పైకి ఇవాళే రాస్తాను." ఆ కాగితం కింద సంతకం పెట్టడానికి ఆఫీసరు పెన్ను తీశాడు. మూత తీయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

పాముచెవి ప్లేయరు, రికార్డు, హెడ్‌ఫోన్ తీసుకుని బయటికొచ్చాడు. బైండింగు గది, ఆ జిగురు గుర్తొచ్చాయి. మెట్లెక్కేసరికి కంప్యూటరమ్మాయి తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఎదురొచ్చి, ప్లేయరు అందుకుని, పక్కనే నడుస్తూ ఏదో అడిగింది. పెదవులు కదిలాయి. మామూలుగా అయితే ఊఁ అని తల ఊపి ఊరుకునేవాడు, ఏడాదిన్నరగా అందరితోనూ అలాగే నెట్టుకొచ్చాడు. ఆగిపోయాడు.

"ఇటు రా అమ్మా, కుడి పక్కకి" అన్నాడు. "ఆ పక్కన నాకు వినపడదు."